మిరప మైదానపు ఎండ, అంతరిక్షపు ఎండ

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో సూర్యుణ్ణి పనిలో పెట్టుకోవడం తరతరాలుగా తెలిసిన విద్య. ఫిబ్రవరి మొదలుకొని ఏప్రిల్ దాకా ఈ ప్రాంతపు ఊళ్ల పొలిమేరల్లో, రోడ్ల పక్కన, కోత అయిపోయిన చేలల్లో మిరప కల్లాలు పరచుకొని ఉంటాయి. చెట్టు మీద పండి కోతకు వచ్చిన కాయను రైతులు అక్కడ పలుచగా ఆరబోసి, పగలంతా తిరగదోస్తూ, మంచు కురిసే రాత్రుల్లో పట్టాలు కప్పుతూ, పది పదిహేను రోజుల్లో గలగలలాడే ఎండుకాయగా మారుస్తారు. కోసిన కాయ బరువులో ముప్పాతిక వంతు నీరే అనుకుంటే, పది శాతం తేమ మిగిలిన ఒక క్వింటాలు ఎండుమిరప తయారు కావడానికి 360 కిలోల పండుకాయ కావాలి, అందులోంచి 260 కిలోల నీరు ఆవిరైపోవాలి. ఆ నీటిని ఆవిరి చేయడానికి కనీసంగా పట్టే వేడిని కరెంటు లెక్కలోకి మారిస్తే అది సుమారు 170 యూనిట్లవుతుంది. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు వాడుకునే శక్తిని ఒక యూనిట్ అంటారు. సీజను ముమ్మరంగా ఉన్న రోజుల్లో గుంటూరు మిర్చి యార్డుకు లక్షకు పైగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వస్తాయి. టిక్కీకి 40 కిలోల చొప్పునే లెక్క వేసినా, ఒక్క రోజు సరుకును ఎండబెట్టడానికి దాదాపు 70 లక్షల యూనిట్ల సూర్యతాపం ఖర్చయిందన్నమాట. 1,000 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఏడు గంటలపాటు పూర్తి సామర్థ్యంతో నడిస్తే గాని అంత శక్తి పుట్టదు. రాష్ట్రంలో ఏ శక్తి పద్దులోనూ చేరని ఈ మొత్తం నిజానికి ఆంధ్రప్రదేశ్‌లో జరుగుతున్న అతిపెద్ద సౌరశక్తి వినియోగాలలో ఒకటి.

అయినా ఈ మైదానంలో ఎండకు కొరత ఉంది, ఆ కొరత వేళకు సంబంధించినది. ఇక్కడి నేల మీద ప్రతి చదరపు మీటరుకు ఏడాది సగటున రోజుకు సుమారు 5 యూనిట్ల సూర్యశక్తి పడుతుంది, కాని ఇళ్లలో దీపాలు వెలిగే వేళకు అది ఆగిపోతుంది, వానకాలపు ముసురులో సన్నగిల్లుతుంది, తుఫాను పట్టినప్పుడు రోజుల తరబడి అందకుండా పోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు తీయవలసిన పత్తి చేలోనే తడిసింది, మిరప తోటలు నీట నానాయి, పొగాకు నేలకొరిగింది. కల్లంలో ఉన్న కాయ తడిస్తే రంగు పోయి తాలుకాయగా మారుతుంది, ధర పడిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనిపించకుండా జరుగుతుంది. తేమ మిగిలిన కాయలో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది, ఐరోపా సమాఖ్య కిలో మిరపలో ఆ విషం మొత్తం 10 మైక్రోగ్రాములకు, అంటే గ్రాములో లక్షో వంతుకు, మించరాదని పరిమితి పెట్టింది. ఆ కొలత దాటిన సరుకు రేవు దగ్గరే ఆగిపోతుంది. అందుచేత సౌరశక్తిలో వచ్చే ఏ కొత్త సాంకేతికతనైనా ఈ ప్రాంతం కోసం తూచేటప్పుడు, అది ఎంత శక్తిని ఇస్తుందన్న ప్రశ్నతో సరిపెట్టుకోకుండా, ఏ వేళకు ఇస్తుంది, ఎంత నేలను అడుగుతుంది, చివరికి ఎవరి చేతిలో ఉంటుంది అని కూడా అడగవలసి ఉంటుంది.

వేళ గురించిన ప్రశ్నకు వచ్చిన జవాబులన్నిటిలోకి సాహసోపేతమైనది రాత్రీ మబ్బూ లేని చోటనే ఎండను పట్టుకోవాలనే ప్రతిపాదన. పీటర్ గ్లేజర్ అనే ఇంజనీరు 1968లో ‘సైన్స్’ పత్రికలో దీనికి శాస్త్రీయ రూపం ఇచ్చాడు. ఆయన ఊహించిన సౌర విద్యుత్కేంద్రాలు భూస్థిర కక్ష్యలో ఉంటాయి; భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఈ కక్ష్యలో తిరిగే ఉపగ్రహం భూమి తిరిగే వేగానికి సరిపోలుతుంది కనుక, నేల మీది నుంచి చూసేవారికి అది ఆకాశంలో ఒకే చోట నిలిచినట్టు ఉంటుంది. అక్కడ సూర్యునికి ఎదురుగా పెట్టిన ప్రతి చదరపు మీటరు మీద 1,361 వాట్ల కాంతి పడుతుంది, గాలి తెర గుండా వడకట్టుకొని నేలకు చేరేసరికి నడి మధ్యాహ్నం సైతం అది సుమారు 1,000 వాట్లకు తగ్గుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజులకు అటూ ఇటూ కొన్ని వారాలపాటు మాత్రం అర్ధరాత్రి వేళ భూమి నీడ ఈ కక్ష్యను కమ్ముతుంది. ఆ చీకటి రోజుకు 72 నిమిషాలకు మించదు. భారతదేశంలో ఈ ఆలోచనకు గౌరవం తెచ్చినవారు డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలాం. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్.ఎల్.వి.-3 వాహనానికి ప్రాజెక్టు డైరెక్టరుగా పనిచేసిన ఆయన, 2010 నవంబరులో అమెరికాలోని నేషనల్ స్పేస్ సొసైటీతో కలిసి అంతరిక్ష సౌరశక్తి కోసం రెండు దేశాలూ ఉమ్మడిగా కృషి చేయాలన్న కార్యక్రమాన్ని ప్రకటించారు.

అంత ఎత్తున పుట్టిన విద్యుత్తు తీగ లేకుండా నేలకు దిగాలంటే అది రెండుసార్లు రూపం మార్చుకోవాలి. ఉపగ్రహం మీది సౌరఘటాలు, అంటే కాంతి పడగానే విద్యుత్తును పుట్టించే పలుచని బిళ్లలు, మొదట ఎండను కరెంటుగా మారుస్తాయి. ఆ కరెంటును అక్కడే సూక్ష్మతరంగాలుగా, అంటే వంటింటి మైక్రోవేవ్ పొయ్యి వాడుకునే జాతికి చెందిన రేడియో తరంగాలుగా మార్చి, పెద్ద యాంటెన్నా నుంచి పుంజంగా నేల వైపు పంపుతారు. నేల మీద వేలాది చిన్న యాంటెన్నాలతో అల్లిన వల ఆ తరంగాలను పట్టి, వాటిని మళ్లీ ఒకే దిశలో ప్రవహించే కరెంటుగా మారుస్తుంది. రెక్టెనా అని పిలిచే ఈ వలకు మూలపురుషుడు విలియం బ్రౌన్. 1964లో ఆయన నేల మీది నుంచి పంపిన సూక్ష్మతరంగాల శక్తితోనే ఒక చిన్న హెలికాప్టర్ నమూనాను గాలిలో నిలబెట్టి చూపాడు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ వద్ద ఒకటిన్నర కిలోమీటరు దూరానికి 30 కిలోవాట్లకు పైగా శక్తిని ఇదే పద్ధతిలో చేరవేశారు. ఈ పనికి ఎంచుకునే 2.45 గిగాహెర్ట్‌జ్ తరంగాలు మబ్బుల్లోంచీ వానలోంచీ పెద్దగా నష్టపోకుండా వస్తాయి కనుక, మిచౌంగ్ వంటి తుఫాను మేఘం కింద కూడా రెక్టెనాకు విద్యుత్తు అందుతుంది. అయితే అటువంటి రోజున కరెంటు పోవడానికి కారణం ఉత్పత్తి లోపం కన్నా స్తంభాలు కూలడం, తీగలు తెగడం అన్నది తీరప్రాంతం వారందరికీ అనుభవమే. ఆకాశం నుంచి వచ్చిన కరెంటు కూడా చివరి మైలు ఆ స్తంభాల మీదుగానే నడవాలి.

ఈ పథకంలో అన్నిటికన్నా కఠినమైన నియమం డబ్బుది అనుకుంటారు గాని, నిజానికి అది తరంగాలది. ఏ తరంగమైనా ప్రయాణిస్తున్న కొద్దీ విచ్చుకుంటుంది, దీనినే వివర్తనం అంటారు. పంపే యాంటెన్నా ఎంత చిన్నదైతే దూరాన పడే వెలుగు మచ్చ అంత పెద్దదవుతుంది. భూస్థిర కక్ష్యలో కిలోమీటరు వెడల్పున్న యాంటెన్నా కట్టినా, పన్నెండు సెంటీమీటర్ల పొడవున్న తరంగం నేలకు చేరేసరికి పుంజం సుమారు పది కిలోమీటర్ల మేర పరచుకుంటుంది. 1970వ దశకం చివర అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, ఆ దేశపు ఇంధన శాఖ కలిసి గీసిన నమూనాలో అందుకే ఒక్కొక్క ఉపగ్రహం పది కిలోమీటర్ల పొడవు, అయిదు కిలోమీటర్ల వెడల్పు ఉంది, దాని రెక్టెనా 10 కిలోమీటర్లు, 13 కిలోమీటర్ల కొలతల అండాకారంలో ఉంది, అది 5,000 మెగావాట్లను అందించాలి. ఊరికొకటి, మండలానికొకటి చొప్పున చిన్న చిన్న అంతరిక్ష కేంద్రాలు పెట్టుకునే వీలు ప్రకృతి నియమంలోనే లేదు. ఉపగ్రహాన్ని చిన్నది చేస్తే నేల మీది వల ఇంకా పెద్దదవుతుంది. కనుక ఈ సాంకేతికత ఎప్పుడు వచ్చినా మహా నిర్మాణంగానే వస్తుంది. దేశాలు, అంతర్జాతీయ కూటములు మాత్రమే దాని యజమానులు కాగలవు.

నేల విషయంలో మాత్రం లెక్క చాలామంది ఊహించే దానికి ఎదురుగా తేలుతుంది, దానిని న్యాయంగా ఒప్పుకోవాలి. పైన చెప్పిన రెక్టెనా విస్తీర్ణం సుమారు 25,000 ఎకరాలు. కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సౌర పార్కు 5,932 ఎకరాల్లో ఉంది. అదే ఒత్తుగా ఫలకాలు పరిస్తే 25,000 ఎకరాల్లో నాలుగు వేల మెగావాట్లకు పైగా సామర్థ్యం నెలకొల్పవచ్చు. కాని రాత్రుళ్లనూ ఉదయ సాయంత్రాలనూ మబ్బులనూ కలుపుకొని ఏడాది సగటు తీస్తే చేతికొచ్చేది దాదాపు 1,000 మెగావాట్లే. అంటే ఎకరానికి వచ్చే శక్తిలో అంతరిక్ష పద్ధతి అయిదు రెట్లు మెరుగు. పైగా నాసా అండాకారం అమెరికా అక్షాంశాల కోసం గీసినది. భూమధ్యరేఖకు దగ్గరగా, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న గుంటూరుకు పుంజం అంత ఏటవాలుగా రాదు కనుక ఇక్కడ ఆ వల ఇంకా చిన్నదిగా, దాదాపు వృత్తాకారంలో సరిపోతుంది. వలలోంచి వెలుతురూ వానా చాలావరకు కిందికి దిగుతాయి కనుక దాని కింద పైరు పెంచవచ్చునన్న సూచన ఆనాటి అధ్యయనాల్లోనే ఉంది.

ఆ పుంజం కింద నిలబడే మనిషి సంగతి ఏమిటన్న భయం సహజం. నమూనా ప్రకారం పుంజం నడిమధ్యన తీవ్రత చదరపు మీటరుకు 230 వాట్లు, అంటే నడి మధ్యాహ్నపు ఎండలో నాలుగో వంతుకు కూడా చేరదు, అంచు దగ్గర 10 వాట్లకు పడిపోతుంది. నేల మీది నుంచి ఒక దారి చూపే సంకేతం నిరంతరం పైకి వెళుతూ ఉంటేనే ఉపగ్రహంలోని వేలాది యాంటెన్నాలు ఒకే లయలో పనిచేస్తాయి. ఆ సంకేతం తప్పితే పుంజం చెదిరి బలహీనపడిపోయేటట్టు రూపకల్పన చేశారు, కనుక దారితప్పిన పుంజం ఊరిని కాల్చేస్తుందన్న కథలకు ఆధారం లేదు. అయితే సూక్ష్మతరంగాలు ఎండలా చర్మం మీదే ఆగక శరీరం లోపలికి కొంత దిగుతాయి. సాధారణ ప్రజలకు అంతర్జాతీయ మార్గదర్శకాలు అనుమతించే పరిమితి కూడా ఆ అంచు తీవ్రతకు సమానమైన 10 వాట్లే, మన దేశం 2012లో మొబైల్ టవర్లకు అందులో పదో వంతును మాత్రమే నిర్ణయించింది. అదే కొలత ఇక్కడ వర్తిస్తే రెక్టెనా కంచెను మరింత దూరం జరపవలసి వస్తుంది, అప్పుడు నేల లెక్కలోని లాభం కొంత కరుగుతుంది, వల కింద సేద్యం చేయించే ఆలోచన కూలీల ఆరోగ్యం ముందు నిలవకపోవచ్చు.

ఇక బరువు, ధర. ఆ నమూనా ఉపగ్రహం బరువు పదార్థాన్ని బట్టి 34,000 నుంచి 51,000 టన్నులు. శ్రీహరికోట నుంచి ఎగిరే మన అతి బలమైన వాహనం ఎల్.వి.ఎం.-3 భూస్థిర కక్ష్యకు దారితీసే బదిలీ కక్ష్యలోకి ఒక్కసారికి సుమారు 4 టన్నులను చేరుస్తుంది. 2024 జనవరిలో నాసా వెలువరించిన అధ్యయనం, ప్రస్తుత అంచనాల మీద అంతరిక్ష సౌర విద్యుత్తు నేల మీది పునరుత్పాదక విద్యుత్తు కన్నా 12 నుంచి 80 రెట్లు ఖరీదవుతుందని లెక్క కట్టింది; ప్రయోగ ఖర్చు, తయారీ ఖర్చు బాగా పడిపోయి, ఘటాల సామర్థ్యమూ ఆయుష్షూ పెరిగితే ఆ అంతరం మూసుకుపోవచ్చునని కూడా చెప్పింది. ప్రయోగాలు ఆగలేదు. 2015లో జపాన్‌లో మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ 500 మీటర్ల దూరానికి 10 కిలోవాట్లను తరంగాలుగా పంపింది. 2023 జనవరి 3న కక్ష్యలోకి వెళ్లిన కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారి ప్రయోగ ఉపగ్రహం, శూన్యంలో కదిలే భాగాలేవీ లేకుండా పుంజాన్ని తిప్పి చిన్న దీపాలను వెలిగించింది, భూమి మీద పసిగట్టగలిగినంత స్వల్ప శక్తిని సంస్థ ప్రాంగణానికి చేరవేసింది. అదే ఉపగ్రహం మీద 32 రకాల సౌరఘటాలను అంతరిక్షపు ఎండకు పెట్టి పరీక్షించారు.

ఈ చివరి వివరమే మిరప మైదానానికి దగ్గరిది. అంతరిక్షం నుంచి కరెంటు ఎప్పటికి దిగుతుందో గాని, అంతరిక్షం కోసం పెంచిన ఘటాలు నేలకు దిగి చాలా కాలమైంది. 1954 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల చూపిన తొలి సిలికాన్ ఘటం తన మీద పడిన కాంతిలో 6 శాతాన్నే కరెంటుగా మార్చగలిగింది, దాని ధరకు నేల మీద కొనేవారు దొరకలేదు. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహమే దానికి మొదటి నిజమైన ఉపయోగాన్ని చూపింది. 1975లో భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట తన 26 ముఖాలలో పైదీ కిందిదీ తప్ప మిగిలినవాటినన్నిటినీ సౌరఘటాలతోనే కప్పుకొని వెళ్లింది. 2023 ఆగస్టు 23న చంద్రుని మీద దిగిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్ 50 వాట్ల సౌర విద్యుత్తుతో నడిచి, చంద్రుని మీద పొద్దు గూకే ముందు నిద్రపోయి మళ్లీ మేల్కొనలేదు. రాత్రి అనే సమస్య అంతరిక్ష శాస్త్రజ్ఞులకు కూడా కొత్తది కాదని ఆ సంఘటన గుర్తుచేస్తుంది.

ఒకే పదార్థంతో చేసిన ఘటానికి ప్రకృతి ఒక హద్దు గీసింది. కాంతి వేర్వేరు శక్తులున్న కణాల ప్రవాహం. సిలికాన్ తన స్థాయికి తక్కువైన కణాలను పట్టలేదు, ఎక్కువైన వాటిలోని మిగులును వేడిగా వదిలేస్తుంది, అందుచేత అది ఎంత నైపుణ్యంతో చేసినా 29 శాతం దాటి ముందుకు పోలేదు. ఈ హద్దును దాటడానికి అంతరిక్ష ఇంజనీర్లు కాంతిలోని ఒక్కో భాగాన్ని ఒక్కో పొర పట్టేటట్టు మూడు పదార్థాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, 30 శాతం దాకా సామర్థ్యాన్ని సాధించారు. కాని అందులో వాడే గాలియం, జెర్మేనియం పొలం గట్టు మీది ఫలకానికి అందుబాటులో ఉండే ధరలో లేవు. ఆ పేర్పు పద్ధతిని చవకగా చేసే దారి పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థం ద్వారా తెరుచుకుంది. 2009లో జపాన్‌లో త్సుతోము మియసాకా బృందం దానితో చేసిన ఘటం 3.8 శాతమే ఇచ్చింది. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పొర పరచి చైనా కంపెనీ లాంగి 2024లో 34.6 శాతం చేరింది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనూ, సౌరశక్తి పదార్థాల కోసం ప్రత్యేక కేంద్రం నడుపుతున్న ఏ.ఆర్.సి.ఐ. అనే పరిశోధన సంస్థలోనూ ఈ కొత్త తరం ఘటాల మీద పరిశోధన సాగుతోంది. పెరోవ్‌స్కైట్‌కు తేమ పడదు, వేడి పడదు. ప్రయోగశాలలో వచ్చిన అంకెను చూసి సంతోషించేవారు, చీరాల ఉప్పుగాలిలో పాతికేళ్లు నిలిచే ఫలకం వచ్చేదాకా ఆగడం మంచిది.

వేడి మాట వచ్చింది కనుక రెంటచింతలను తలుచుకోక తప్పదు. పల్నాడులోని ఈ ఊరు కోస్తాంధ్రలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడింది, వేసవి రాగానే వార్తల్లో దాని పేరు వినిపిస్తుంది. ఎండలు మండే చోట సౌరఫలకం ఎక్కువ కరెంటు ఇస్తుందని అనుకోవడం సహజమే గాని, ఫలకానికి కావలసింది వెలుతురు. వేడి దానికి శత్రువు. దాని సామర్థ్యాన్ని 25 డిగ్రీల వద్ద కొలిచి ముద్ర వేస్తారు, ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి సాధారణ సిలికాన్ ఫలకం తన శక్తిలో 0.35 శాతం దాకా కోల్పోతుంది. గాలి 45 డిగ్రీలున్న మే మధ్యాహ్నం ఫలకం వేడి 70 డిగ్రీలకు చేరితే, దాని మీద రాసిన అంకెలో ఆరో వంతు పోయినట్టే. ఇప్పుడు మార్కెట్లో విస్తరిస్తున్న టాప్‌కాన్ రకం ఘటాల్లో ఈ నష్టం కొంత తక్కువ, రెండు వైపులా కాంతిని పట్టే ఫలకాలు నేల మీది నుంచి తిరిగొచ్చే వెలుతురును కూడా వాడుకుంటాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పరిసరాల్లోనూ, చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కలా ఇంకొక ఇబ్బంది ఉంది. అక్కడి రాతిపొడి ఫలకాల మీద పడి, తెల్లవారుజామున మంచుకు తడిసి, పొద్దెక్కగానే గట్టిపడి పొరగా అంటుకుంటుంది. కడగడానికి నీరు కావాలి, ఆ నీరు వేసవిలో ప్రకాశం మెట్ట ప్రాంతంలో తాగడానికే చాలదు. ఫలకాల వరుసల మీద కుంచెతో పొడిగా తుడిచే యంత్రాలు ఈ ప్రాంతానికి అలంకారం కాదు, అవసరం.

మిరప ఎండబెట్టే పనికి అసలు విద్యుత్తు అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఫలకం తన మీద పడిన ఎండలో అయిదో వంతును కరెంటుగా మారుస్తుంది, ఆ కరెంటుతో మళ్లీ వేడి పుట్టించడం నాలుగు వంతులను పారబోసి ఒక వంతుతో పని చేయించడమే. అందుకు బదులు అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పాలిథీన్ పట్టా కప్పిన సొరంగం వంటి పాలీహౌస్‌లో కాయను అరల మీద పరిస్తే లోపలి గాలి 50, 60 డిగ్రీలకు వేడెక్కుతుంది, చిన్న సౌరఫలకంతో తిరిగే పంకా తేమగాలిని బయటికి నెడుతుంది, మంచు, వాన, దుమ్ము, పశువులు కాయ దగ్గరికి రావు. మిరపకు ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ అనే రంగు పదార్థం నేరుగా పడే ఎండకు వెలిసిపోతుంది కనుక, నీడలో వేడిగాలికి ఎండిన కాయలో రంగు కూడా ఎక్కువ నిలుస్తుంది. సౌర సాంకేతికతలన్నిటిలోనూ ఈ మైదానానికి వెంటనే, తక్కువ ఖర్చుతో, రైతు చేతిలోనే ఉండే మేలు చేయగలిగినది ఇదే. ప్రభుత్వ రాయితీల్లో, బ్యాంకుల రుణాల్లో, వార్తల్లో దీనికి దక్కే చోటు మాత్రం మెగావాట్ల పార్కులకు దక్కేదానితో పోలిస్తే చాలా చిన్నది. ఒక్కో రైతుకు ఏడాదిలో రెండు మూడు నెలలే పని ఉండే ఈ డ్రైయర్లను రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఉమ్మడిగా నిర్వహిస్తే, అదే నిర్మాణం మిగిలిన నెలల్లో పసుపుకూ, మునగాకుకూ, చేపకూ పనికొస్తుంది. ఎండిన కాయ చేరే గుంటూరు శీతల గిడ్డంగుల సంగతి వేరు; వాటికి విద్యుత్తే కావాలి, పైగా వేసవి ఎండ ఎంత తీవ్రంగా ఉంటే వాటి యంత్రాలు అంత కరెంటు తాగుతాయి. అవసరమూ ఉత్పత్తీ ఒకే వేళకు కలిసే ఇటువంటి చోటు దొరకడం అరుదు. ఆ గిడ్డంగుల, పత్తి జిన్నింగ్ మిల్లుల విశాలమైన పైకప్పులు ఏ రైతు నేలనూ అడగని సౌరక్షేత్రాలు.

వ్యవసాయ మోటార్లకు రాత్రి కరెంటు ఇచ్చిన కాలంలో రైతులు చీకట్లో చేనికి వెళ్లి పాముకాటుకూ విద్యుదాఘాతానికీ బలైన సంగతి మరిచిపోరానిది. పగటిపూట తొమ్మిది గంటల సరఫరా అన్న విధానానికి సౌరశక్తి సహజంగా సరిపోతుంది. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వపు పీఎం కుసుమ్ పథకం కింద ఒక ఫీడరు, అంటే ఒక సబ్‌స్టేషన్ నుంచి కొన్ని ఊళ్ల మోటార్లకు వెళ్లే లైను, తనకు కావలసిన కరెంటును దగ్గరలోనే ఉన్న చిన్న సౌరకేంద్రం నుంచి తీసుకోవచ్చు. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వంటి బోర్ల ప్రాంతాల్లో ఒక జాగ్రత్త అవసరం; ఖర్చు లేని కరెంటు పొద్దంతా ఉంటే బోరు కూడా పొద్దంతా నడుస్తుంది, భూగర్భ జలం ఇంకా లోతుకు పోతుంది, ఫ్లోరైడ్ బాధ ఇప్పటికే ఉన్న చోట ఆ నీటి నాణ్యత మరింత చెడుతుంది. తోడకుండా మిగిల్చిన యూనిట్‌కు రైతుకు డబ్బు చెల్లించే ఏర్పాటు ఉంటేనే నీరూ కరెంటూ రెండూ మిగులుతాయి.

పగటి మిగులును సాయంత్రానికి దాచే సాధనం కూడా ఈ నేలలోనే ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్ట దగ్గరి ప్రధాన విద్యుత్కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి, వాటిలో 100.8 మెగావాట్ల చొప్పున ఉన్న ఏడు యూనిట్లు రెండు దిక్కులా తిరిగేవి. నీరు కిందికి దిగేటప్పుడు అవి కరెంటు పుట్టిస్తాయి, కరెంటు మిగిలినప్పుడు అదే నీటిని పైకి తోడి జలాశయంలో పోస్తాయి. తోడడానికి కింద నీరు నిలవ ఉండాలి కనుక రెంటచింతల మండలం సత్రశాల వద్ద టెయిల్‌పాండ్ ఆనకట్ట కట్టారు. మధ్యాహ్నం వెల్లువెత్తే సౌర విద్యుత్తుతో నీటిని పైకి ఎక్కించి సాయంత్రం దించుకోవడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటును కొత్తగా కట్టాలంటే వేల కోట్లు కావాలి; కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురం వద్ద గ్రీన్‌కో కంపెనీ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీని అందుకోసమే తలపెట్టింది. సాగర్ కేంద్రం తెలంగాణ చేతిలో, టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉన్నాయి కనుక రెండు రాష్ట్రాల ఇంజనీర్లు ఒకే వేళాపట్టిక మీద పనిచేస్తే తప్ప ఈ సదుపాయం పూర్తిగా ఉపయోగపడదు. అంతరిక్షం నుంచి రాత్రి కరెంటు దించే ప్రయత్నానికి అవసరమయ్యే అంతర్జాతీయ సహకారంతో పోలిస్తే ఇది చాలా చిన్న ఒప్పందం.

చివరికి మిగిలే ప్రశ్న నేలదే. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఉండిన ఉలవపాడు మండలం కరేడు గ్రామంలో సౌరఫలకాల కర్మాగారం కోసం భూములు తీసుకోవాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, 2025లో అక్కడి రైతులు పంట భూములను వదులుకోలేమని రోడ్డెక్కారు. శుభ్రమైన శక్తి పేరు చెప్పినంత మాత్రాన పంట నేల మీద హక్కు దానంతట అది చిన్నదైపోదు. పైరునూ ఫలకాన్నీ ఒకే ఎకరంలో ఎత్తు తేడాతో నిలబెట్టే పద్ధతి ఈ ఘర్షణకు ఒక దారి చూపుతోంది. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఎండ తీవ్రంగా ఉండే ఆ ఎడారి ప్రాంతంలో ఫలకాల నీడన చిల్టెపిన్ అనే అడవి మిరప మూడింతల కాపు ఇచ్చింది, హలపేన్యో రకం అంతే కాపు ఇస్తూ ఆకుల ద్వారా పోయే నీటిలో 65 శాతాన్ని ఆదా చేసింది, మొక్కల చల్లదనానికి ఫలకాలు కూడా పగటివేళ తొమ్మిది డిగ్రీల దాకా చల్లబడ్డాయి. రెంటచింతల వేడికి ఈ చివరి అంకె ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. అయితే చిల్టెపిన్ చెట్ల నీడన పుట్టి పెరిగిన జాతి. గుంటూరు సన్నం, తేజ రకాలు నిండు ఎండకు అలవాటుపడి, శీతాకాలంలో కాపుకు వచ్చేవి. నీడన పెరిగిన తేమలో 2021-22లో మిరప తోటలను కుదిపేసిన నల్ల తామర పురుగు పెరుగుతుందా తగ్గుతుందా, కాయకుళ్లు హెచ్చుతుందా, నీడన పండిన కాయలో ఘాటూ రంగూ నిలుస్తాయా, ఫలకాల వరుసల మధ్య నల్లరేగడి దుక్కికి ట్రాక్టరు తిరగాలంటే స్తంభాల మధ్య ఎన్ని అడుగుల ఎడం ఉండాలి, ఎండాకాలంలో నెర్రెలు బారి వానకు ఉబ్బే ఈ నేలలో పునాదులు ఎంత లోతుకు దించాలి అన్నవి అరిజోనాలో తేలే ప్రశ్నలు కావు. గుంటూరు పక్కనే పత్తి, మిరపల మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్న లాం ఫారం ఉంది. వరుసగా నాలుగైదు సీజన్లు, ఫలకాల కిందా బయటా పక్కపక్క మడుల్లో ఇవే రకాలను వేసి, దిగుబడినీ కరెంటునూ ఒకే పుస్తకంలో రాసి రైతుల ముందు పెట్టవలసిన పని ఆ క్షేత్రానిది.